లీటరు నీళ్ల సంగతి

బిడ్డా,

నీకు దేవరకొండ దిక్కు తండాల్లో ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎం నర్సు ఉద్యోగం వచ్చిందని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. నా తర్వాత మన ఇంట్లో ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

చేతులు కడుక్కోవడం, విరేచనాల పిల్లలకు జింకు 14 రోజులు ఇప్పించడం, తల్లిపాలు ఆపనివ్వకపోవడం ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. నా భయమంతా విరేచనాలైతే నీళ్లలో కలిపి తాపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ గురించి. నువ్వు చిన్నప్పటి నుంచీ మాట సగం చెప్పి లేచిపోయే పిల్లవి. నేనూ అంతే.

ఉద్యోగంలో చేరిన రెండో ఎండాకాలం, ఒక తల్లి చేతిలో ప్యాకెట్ పెట్టి "నీళ్లల్ల కలిపి తాపియ్యి" అని పక్కింటికి పోయాను. ఎన్ని నీళ్లో చెప్పలేదు. మర్నాడు పోతే పది నెలల పిల్లగాడు ఏడుపు ఆపడం లేదు. నాలుక ఎండిపోయింది. పొట్ట మీద చర్మం పట్టుకుంటే తడిపిన పిండిలా ఉంది. గూట్లో స్టీలు గ్లాసు, దాని అడుగున కరగని పొడి. లీటరు నీళ్లకు వేయాల్సిన ప్యాకెట్ మొత్తం ఆ గ్లాసులోనే కలిపింది. చిక్కగా ఉంటే బలమనుకుంది. జావ విషయంలో మనం అనుకోమా?

మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట దిగుతుంది చూడు. కణం పొర నీళ్లను పోనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా రానివ్వదు. అందుకని ఉప్పు ఎక్కువున్న దిక్కుకు నీళ్లే పోతాయి. ద్రవాభిసరణ అని నువ్వు పరీక్షలో రాసిందే. వాడి పేగుల్లోకి ఒంట్లో నీళ్లు అట్లా దిగాయి. రక్తంలో ఉప్పు పెరిగి మెదడు కణాల నీళ్లూ బయటికి వచ్చాయి. జీపులో నల్లగొండ చేరేదాకా వాడి తల నా మోచేతి మీదే ఉంది. నాలుగో రోజు రొమ్ము పట్టాడు. తల్లి నా చేయి పట్టుకుని ఏడ్చింది. తప్పు నాదని ఆమెకు చెప్పలేకపోయాను.

అదే ప్యాకెట్ సరిగ్గా కలిపితే ప్రాణం నిలుపుతుంది. పేగు కణం పొరలో ఒక దారి ఉంది, ఉప్పులోని సోడియం, గ్లూకోజు జోడీగా వస్తేనే లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీళ్లు పోతాయి. కలరాలోనూ ఆ దారి మూసుకుపోదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్‌లో, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ చాలకపోతే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లే తాగించారు. ఇప్పటి ప్యాకెట్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఆ లెక్క లీటరుకే. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, మీద ఏముందో ప్రతిసారీ చదువు.

ముందు ఆ ఇంటి గిన్నెలు చూడు. తల్లితోనే లీటరు కొలిపించి, నీ ముందే కలిపించు. ఆమె మొదటి చెంచా తాపేదాకా లేవకు.

మొదటి తండా తిరిగి వచ్చాక ఫోన్ చెయ్యి. ఎన్ని ఇళ్లలో లీటరు పట్టే గిన్నె ఉందో, నువ్వు పొద్దున ఏం తిని పోయావో రెండూ చెప్పాలి.

నీ మేనత్త