ఆఫ్రికా సంకర తేనెటీగలు: తేడా రూపంలో లేదు, స్వభావంలో ఉంది

ఆఫ్రికా, యూరప్ జాతులు కలిసి పుట్టిన ఆఫ్రికా సంకర తేనెటీగలను చూసి గుర్తుపట్టవచ్చా, వాటి విషం యూరప్ తేనెటీగల విషంకంటే తీవ్రమా అని అడిగారు. రెండూ కావు. అవి రవ్వంత చిన్నవి, కానీ కంటికి ఆ తేడా తెలియదు. రెక్కల కొలతలో జన్యు పరీక్షో తేల్చాలి. ఒక్కో కాటులో విషమూ దాదాపు అంతే. ప్రమాదమంతా కుట్టే ఈగల సంఖ్యలో ఉంది.

అరిజోనాలో మా పెరట్లో రెండు తేనెపెట్టెలు పెంచుతున్నాను. రెండూ యూరప్ జాతివే. రెండో ఏడు ఒక పెట్టెలో ముసలి రాణి పోయి కొత్త రాణి పుట్టింది. అది బయటికి ఎగిరి ఊళ్లోని సంకర మగ ఈగలతో జతకట్టి వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి పెట్టె తీరే మారిపోయింది. అంతకుముందు కాస్త పొగ పడితే చాలు, ఈగలు చట్రాల మీద నెమ్మదిగా ఉండేవి. ఆ రోజు మూత ఎత్తీ ఎత్తకముందే ముసుగు వల మీద వడగళ్లలా టపటపా వచ్చి పడ్డాయి. చట్రం పైకి తీస్తే అంచుకు పరుగెత్తి గుత్తులుగా వేలాడాయి. గుప్పున అరటిపండు వాసన వచ్చింది. కుట్టిన ఈగ మిగతావాటిని పిలిచే వాసన అది. పెట్టె మూసి వీధి చివరిదాకా నడిచినా కొన్ని నన్ను వదల్లేదు. ఇవి వందల మీటర్లు తరుముతాయి, యూరప్ ఈగలు చాలా ముందే వెనుదిరుగుతాయి.

పక్కింట్లో చిన్నపిల్లలున్నారు. ఆలస్యం చేయకుండా ఆ రాణిని తీసేసి, నమ్మకమైన చోట జతకట్టిన యూరప్ రాణిని పెట్టాను. పాత ఈగలు రాలిపోయి కొత్త రాణి సంతానం నిండాక, సుమారు ఆరు వారాలకు, పెట్టె శాంతించింది.

అయినా వీటిని రాక్షసులనడం నాకు నచ్చదు. యూరప్ ఈగలు బ్రెజిల్ వేడిలో సరిగా తేనె ఇవ్వడం లేదని అక్కడి జన్యుశాస్త్రవేత్త వార్విక్ కెర్ 1956లో ఆఫ్రికా రాణులను తెప్పించారు. 1957లో 26 గుంపులు తప్పించుకున్నాయి, 1990కి వాటి సంతతి టెక్సాస్ చేరింది. నేడు బ్రెజిల్ తేనె పరిశ్రమ నడిచేది వీటితోనే.

ఎప్పుడైనా వెంటపడితే చేతులు విసరకండి, నీళ్లలో దూకకండి, పైకి తేలేదాకా కాచుకుని ఉంటాయి. ముఖం కప్పుకుని పరుగెత్తి ఇంట్లోకో కారులోకో వెళ్లి తలుపు వేసుకోండి. దిగిన ముళ్లను వెంటనే గోటితో గీకి తీయండి. ఎక్కువ కాట్లు పడితే, ఊపిరాడకపోతే నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.