బంగారు నానో రేణువులు, లేజర్‌తో క్యాన్సర్ చికిత్స: ల్యాబులో నేను చూసింది

మీ నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్ మొదటి దశలో ఉందని రాశారు. బంగారు నానో రేణువులు ఎక్కించి లేజర్‌తో నయం చేస్తారట, నిజమేనా, అది మన దగ్గరికి వచ్చేదాకా ఆగొచ్చా అని అడిగారు. నిజమే, కానీ ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. దానికోసం మాత్రం ఆగకండి. హైదరాబాదులో ఆరేళ్లు ఈ రేణువులతోనే పనిచేశాను కాబట్టి చూసింది చూసినట్టు చెప్తాను.

మన భాషలో సెల్‌నీ కణమే అంటాం, పార్టికల్‌నీ కణమే అంటాం. అందుకే పేపర్లో చదివితే ఏది దేంట్లోకి వెళ్లిందో తెలియదు. నేను ఒంట్లో ఉండేదాన్ని కణం అని, కంటికి కనపడనంత చిన్న బంగారు నలుసును రేణువు అని రాస్తున్నాను.

రేణువుల తయారీ ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. ముందు గాజుపాత్రలన్నీ ఆక్వా రీజియాతో, అంటే బంగారాన్ని కూడా కరిగించే ఘాటైన ఆమ్లాల మిశ్రమంతో కడగాలి. గోల్డ్ క్లోరైడ్ కలిపిన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. అవి సలసలా మరుగుతుండగా సిట్రేట్ ఒక్కసారిగా పోస్తాం. పసుపు విరిగి నీళ్లు తేటపడతాయి, అంతలోనే బూడిద రంగు, నలుపు, ఊదా, చివరికి అచ్చం దానిమ్మ రసంలా ఎరుపు. టర్కెవిచ్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 1951లో రాసిన పద్ధతినే మేమూ వాడేవాళ్లం. నా మొదటి బ్యాచ్‌లో పొరపాటున ఉప్పు ద్రావణం పడింది. కళ్లముందే మొత్తం నీలమైపోయింది. ఆ రోజు ఏడ్చాను. రేణువులు విడివిడిగా ఉంటే ఎరుపు, గుంపు కూడితే నీలం. వెతుకుతున్న డీఎన్ఏ ముక్క తగిలినప్పుడే గుంపు కూడేలా ఏర్పాటు చేస్తే, రంగు మారడమే పరీక్ష ఫలితం.

జబ్బు కనిపెట్టడంలో ఈ బంగారం ఎప్పుడో ఇళ్లలోకి వచ్చేసింది. గర్భ పరీక్ష పట్టీల్లోనూ, కోవిడ్ ర్యాపిడ్ కిట్లలోనూ కనిపించే ఎర్ర గీత చాలావాటిలో ఈ రేణువులదే.

చికిత్సకు ఆకారం మార్చాలి. సెల్‌ఫోన్ టార్చి మీద వేలు పెట్టి చూడండి, ఎర్రగా వెలుగుతుంది. మిగతా రంగుల్ని రక్తం మింగేస్తుంది, ఎరుపు బయటికొస్తుంది. ఎరుపు దాటాక ఉండే పరారుణ కాంతి ఇంకాస్త లోతుకు పోతుంది. గుండ్రటి చిన్న రేణువు ఆ కాంతిని పెద్దగా పట్టుకోదు. అదే సన్నని కడ్డీలా చేస్తేనో, సిలికా గుండు మీద బంగారు తొడుగు వేస్తేనో బాగా పట్టుకుని వేడెక్కుతుంది. ఆ వేడికే క్యాన్సర్ కణం చస్తుంది. ఈ తొడుగు రేణువులు అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో నవోమీ హాలస్ బృందం రూపొందించినవి.

నేను నోటి క్యాన్సర్ కణాల మీద కడ్డీలు వాడాను. ఆ కణాల పైపొరకు అంటుకునే యాంటీబాడీ అనే ప్రొటీన్‌ని కడ్డీలకు తగిలించి, ప్లేటులో ఒకచోట కొన్ని నిమిషాలు లేజర్ వేసి, ట్రిపాన్ బ్లూ పోశాను. ఆ రంగు చచ్చిన కణాల్లోకే దిగుతుంది. మైక్రోస్కోపులో చూస్తే లేజర్ పడినంత మేర గుండ్రంగా నీలం, దాని చుట్టూ కణాలు నిక్షేపంగా ఉన్నాయి. బొట్టు పెట్టినట్టుంది.

ప్లేటులో అంత చక్కగా జరిగింది మనిషిలో ఎందుకు కష్టమంటే, రక్తంలోకి ఎక్కించిన రేణువుల్ని కాలేయం, ప్లీహం లాగేసుకుంటాయి. 2016లో జంతువుల మీద చేసిన పాత ప్రయోగాల్ని కలిపి లెక్క చూస్తే, సగానికి పైగా వాటిలో గడ్డకు చేరేది ఒక శాతం కూడా లేదని తేలింది. పైగా కాంతి చేరని చోట రేణువు ఉన్నా ఈ పద్ధతిలో పని జరగదు. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో చేసిన ప్రోస్టేట్ ప్రయోగంలో అందుకే సూదుల గుండా లేజర్ తీగల్ని గడ్డదాకా పంపారు. 2019లో ఫలితాలు వచ్చాయి. 16 మందిలో 15 మందికి చికిత్స పూర్తయింది, మూత్రం విషయంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది రాలేదు. వాళ్లందరి క్యాన్సర్ గ్రంథి దాటనిది. నాకు ఈ పని మీద నమ్మకం ఉంది, కానీ 16 మంది చాలా తక్కువ.

మా మేనమామకు దవడ లోపల క్యాన్సర్ అని తేలినప్పుడు, "నీ ఎర్ర నీళ్లు నాకూ రెండు చుక్కలు పోయవే" అన్నాడు. నేను రోజూ చూసేది ఆ జాతి కణాల్నే. అయినా ఆపరేషన్‌కే పొమ్మన్నాను. ఆయన మాకు చెప్పకుండా ఎవరో అమ్మిన "నానో బంగారం చుక్కలు" ఐదు వారాలు తాగాడు. ఆ ఐదు వారాల్లో పుండు పెరిగింది, దవడ ఇంకాస్త ఎక్కువ తీయాల్సి వచ్చింది. ఇప్పుడు పప్పుచారు అన్నం మెత్తగా కలుపుకుని తింటున్నాడు.

మీ నాన్నగారి పీఎస్ఏ (ప్రోస్టేట్‌కు చేసే రక్తపరీక్ష), గ్లీసన్ స్కోరు (బయాప్సీ ముక్కను చూసి క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే అంకె), ఎమ్మారై మూడూ దగ్గర పెట్టుకుని యూరాలజిస్టును అడగండి. ప్రోస్టేట్‌లో కొందరికి వెంటనే ఆపరేషన్ అక్కర్లేదు, పరీక్షలు చేస్తూ గమనిస్తారు. మీ నాన్నగారికి అలా గమనిస్తూ ఉండొచ్చో, వెంటనే చికిత్స కావాలో ఆ మూడింటిని బట్టి ఆయన చెప్తారు. గ్లీసన్ స్కోరు ఎలా చదవాలో తెలియకపోతే అంకెలు రాయండి, అర్థం చెప్తాను.