ఇద్దరం చెరోవైపు వెళ్తే ఎక్కువ చేపలు పడతాయా?

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ బహామాస్ వెళ్తున్నాం, పోటు ఎక్కే లోతులేని ఇసుక మేటల మీద ఫ్లై రాడ్‌తో (ఈకలు, దారాలతో చేసిన తేలికైన ఎర, అంటే ఫ్లై, విసిరే గాలపు కర్ర) బోన్‌ఫిష్ అనే వెండిరంగు సముద్రపు చేపని పట్టాలని ప్లాన్. ఇద్దరికీ ట్రౌట్ (చల్లటి నీళ్లలో ఉండే చేప) పట్టిన అలవాటుంది. చెరోవైపు వెళ్తే ఛాన్సులు పెరుగుతాయి కదా?

జవాబు: పెరగవండీ, తగ్గుతాయి. బోన్‌ఫిష్ ఒళ్లు అద్దంలాంటిది, కింద ఇసుక ఏ రంగుంటే అదే చూపిస్తుంది, అందుకే చాలాసార్లు చేపకంటే ముందు దాని నీడే కనబడుతుంది, కాబట్టి ఒకరు చేపని వెతకాలి ఒకరు ఫ్లై వెయ్యాలి. నీటి మీది మెరుపుని తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకపోతే వెళ్లడమే దండగ. పడవలో ఉంటే ముందుభాగం 12 గంటలు అనుకుని "10 గంటల వైపు, 40 అడుగులు" అని చెప్పుకోండి, "అదిగో అదిగో" అంటే ఎవడికీ అర్థం కాదు!

పోటు మొదలవగానే అవి పీతలు, రొయ్యల కోసం పైకెక్కి, తల కిందకి పెట్టి తవ్వుతుంటే తోకలు నీళ్లపైన మెరుస్తాయి, అప్పుడు ఫ్లైని సరిగ్గా నెత్తిమీద వేశారో మొత్తం గుంపు మాయం. కొంచెం ముందు వేసి చిన్నచిన్నగా లాగండి. 8 నంబర్ రాడ్, క్రేజీ చార్లీ లాంటి ఫ్లై చాలు.

ట్రౌట్ అలవాటు కొంప ముంచేది ఇక్కడే, కొరకగానే రాడ్ పైకెత్తేస్తారు. ఎత్తకుండా లైన్‌ని చేత్తో గట్టిగా లాగండి, తర్వాత అది పరిగెడుతుంటే ఆపొద్దు, రీల్‌లో బ్యాకింగ్ (లైన్ వెనక కట్టే అదనపు దారం) 150 గజాలైనా ఉండాలి. నడిచేటప్పుడు కాళ్లు ఈడ్చండి, ఇసుకలో తోకకి విషపు ముల్లుండే టేకు చేపలుంటాయి, అలికిడికి తప్పుకుంటాయి. దగ్గర్లో షార్క్ కనిపిస్తే పట్టిన చేపని అప్పుడే నీళ్లలోకి వదలొద్దు.

వంతుల గొడవ రాకుండా చేప పడినా, మిస్సయినా రాడ్ రెండోవాళ్ల చేతికిచ్చేయండి.