పాప స్టేజ్ డ్రెస్‌కు వెలిగే బట్ట, ఇంట్లో లావెండర్ దుప్పటి: కుట్టే మనిషిగా నా జవాబు

మీరు అడిగినవి రెండు. పాప డాన్స్ ప్రోగ్రామ్‌కు చీకట్లో వెలిగే బట్టతో డ్రెస్ కుట్టిస్తే స్టేజ్ మీద అది నిజంగా వెలుగుతుందా అనేది ఒకటి. ఎన్నిసార్లు ఉతికినా లావెండర్ వాసన పోదని చెప్పి అమ్మిన దుప్పటి రెండు ఉతుకులకే మామూలు దుప్పటి అయిపోయింది, ఆ వాసన మళ్లీ తెప్పించుకోగలమా అనేది రెండోది.

నేను నాటకాలకు, డాన్స్ ట్రూపులకు డ్రెస్సులు కుడతాను. వెలిగే బట్టలు నా మిషన్ కిందకి చాలానే వచ్చాయి. వాసన బట్టలతో పని తక్కువ, కాబట్టి ఆ సంగతి చివర్లో చెప్తాను.

అమ్మేవాళ్లను "ఇది బాగా వెలుగుతుందా" అని అడిగి లాభం లేదు. ఎవరైనా వెలుగుతుందనే అంటారు. "దీనికి వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది" అని అడగండి. ఎందుకంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని రకాలన్నీ ఒకే పేరుతో, దాదాపు ఒకేలాంటి ఫోటోతో అమ్ముడవుతున్నాయి.

ఆ ఫోటోల దగ్గరే ఒక తిరకాసు ఉంది. కొన్ని బట్టలు ఫోటోలో వెండిలా ధగధగ మెరిసిపోతుంటాయి. అవి రిఫ్లెక్టివ్ రకం. వాటి మీద కంటికి కనపడనంత చిన్న గాజు పూసలు పరిచి ఉంటాయి. వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో మళ్లీ ఆ దిక్కుకే తిప్పి పంపడం వాటి పని. కెమెరా ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి ఫోటో అదిరిపోతుంది. రాత్రిపూట రోడ్డు మీద వేసుకుంటే కారు హెడ్‌లైట్ల వెలుగు డ్రైవర్ కళ్ల వైపే తిరిగి వెళ్తుంది, అందుకే ఆ పనికి ఇది బంగారం. స్టేజ్ మీద మాత్రం స్పాట్‌లైట్ పైనెక్కడో ఉంటుంది, జనం కింద కూర్చుని ఉంటారు. వెలుగంతా లైటుకే తిరిగి వెళ్తుంది, చూసేవాళ్లకు బూడిద రంగు గుడ్డ కనిపిస్తుంది. మీరు ఫోటో చూసి ముచ్చటపడింది ఇదే రకమైతే వదిలేయండి.

రెండో రకం ఫ్లోరోసెంట్. ఇది అతినీలలోహిత కిరణాలను మింగి, అప్పటికప్పుడే కంటికి కనిపించే రంగుగా బయటికి వదులుతుంది. లైటు ఆపిన క్షణంలో దీని వెలుగూ ఆగిపోతుంది. హాల్లో బ్లాక్ లైట్లు, అంటే ఆ అతినీలలోహిత కిరణాలను వదిలే దీపాలు, పెట్టే పనైతే దీన్ని మించింది లేదు. ఆకుపచ్చ, గులాబీ, నారింజ నియాన్ రంగులు కళ్లు చెదిరేలా వెలుగుతాయి. బట్ట మామూలు బట్టలాగే మెత్తగా ఉంటుంది, ఉతకొచ్చు, కుట్టడమూ సులువు. ఒకటే జాగ్రత్త. డిటర్జెంట్లలో తెలుపును పెంచే రసాయనాలు కలుపుతారు, అవి కూడా బ్లాక్ లైటులో నీలంగా మెరుస్తాయి. చేతులు మాత్రమే గాల్లో తేలుతున్నట్టు కనిపించాలని నల్ల డ్రెస్ వేస్తారు చూడండి, దాన్ని అలాంటి సబ్బుతో ఉతికితే డ్రెస్ కూడా మసకగా బయటపడుతుంది.

మూడోది, మీ మనసులో ఉన్న అసలు రకం. లైటు ఆపేశాక కూడా ఆకుపచ్చగా వెలుగుతూ ఉండేది. పాతకాలంలో దీనికి రాగి కలిపిన జింక్ సల్ఫైడ్ వాడేవారు, అది తొందరగా చల్లారిపోయేది. 1993లో జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో యూరోపియం, డిస్ప్రోసియం అనే మూలకాలను కొద్దిగా కలిపి కొత్త పొడి తయారుచేసింది. దాని వెలుగు పాతదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, నిలిచేదీ ఎక్కువసేపు. ఇవాళ మంచి సరుకంటే ఇదే. వెలుగు పడినప్పుడు యూరోపియం నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి, స్ఫటికంలోని గుంటల్లాంటి చోట్ల చిక్కుకుంటాయి. చుట్టూ ఉన్న మామూలు వెచ్చదనానికే అవి కొన్ని కొన్నిగా విడిపించుకుని వెనక్కి వస్తాయి, వచ్చేటప్పుడు వెలుగు వదులుతాయి.

స్ట్రాన్షియం అనే పేరు వినగానే కొందరు తల్లిదండ్రులకు టెన్షన్ వస్తుంది. ఇది అణు పేలుళ్లలో పుట్టే స్ట్రాన్షియం-90 కాదు, మామూలు స్ట్రాన్షియం. దీనికి రేడియోధార్మికత లేదు. వందేళ్ల కిందట అమెరికాలో గడియారాల ముఖాలకు రేడియం రంగు వేసిన అమ్మాయిలు జబ్బుల పాలైన మాట నిజమే. ఆ రంగుకూ ఈ పొడికీ పోలికే లేదు.

చిక్కంతా మరోచోట ఉంది. ఈ పొడి దాచుకున్న వెలుగును మొదటి కొద్ది నిమిషాల్లోనే చాలావరకు ఖర్చుపెట్టేస్తుంది. తర్వాత మిగిలేది సన్నటి మసక, అది మాత్రం గంటల తరబడి సాగుతుంది. ప్యాకెట్ మీద "ఎనిమిది గంటలు" అని రాసేది ఆ మసకను కూడా కలుపుకునే. రాత్రి నిద్ర మధ్యలో లేచిన మనిషికి అది చక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడి ఉంటాయి. అలా అలవాటుపడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. మీ పాప ఐటమ్‌కు ముందు ఐటమ్ ఫుల్ లైట్లలో నడుస్తుంది. జనం కళ్లు ఇంకా ఆ వెలుగులోనే ఉంటాయి. పైగా పాప స్టేజ్ పక్కన చీకట్లో నిలబడి తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఆలోపే మెరుపు కాస్తా కరిగిపోతుంది.

అందుకని నేను ఈ బట్టకు స్టేజ్ ఎక్కే ముందే వెలుగు తాగిస్తాను. దీనికి నచ్చేది నీలం, అతినీలలోహిత వెలుగు. పసుప్పచ్చ బల్బు కింద ఎంతసేపు ఉంచినా అంతంత మాత్రమే. తెల్ల ఎల్‌ఈడీ ఫర్వాలేదు. ఎండ తగిలితే కొద్ది నిమిషాల్లోనే నిండిపోతుంది. రాత్రి ప్రోగ్రాములకు యూవీ (అతినీలలోహిత) టార్చి పెట్టుకుంటాను. పిల్లను కళ్లు మూసుకోమని, లేదా డ్రెస్ వేసుకోకముందే, బట్టకు దగ్గరగా తిప్పితే చాలు. అలా తిప్పిన వెంటనే స్టేజ్ మీదకు పంపితే, మొదటి రెండు మూడు నిమిషాలు హాలంతా గుసగుసలాడుతుంది. కాబట్టి వెలిగే భాగాన్ని పాట మొదట్లోనే పెట్టమని డాన్స్ మాస్టారికి చెప్పండి. చివర్లో పెడితే పెద్దగా ఉపయోగం ఉండదు.

రంగు విషయంలో మొహమాటం వద్దు, ఆకుపచ్చే తీసుకోండి. ఈ పొడి సహజంగా ఇచ్చే వెలుగు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చలో ఉంటుంది. మసక చీకట్లో మన కన్ను బాగా పట్టుకునేదీ దాదాపు ఆ రంగునే. నీలంగా వెలిగేది కూడా బాగానే ఉంటుంది. ఎరుపు, నారింజ వెలుగులంటూ అమ్మేవి ఫోటోలో ఉన్నంత ఉండవు.

ఇక కుట్టు సంగతి. ఈ పొడి గింజలు మరీ మెత్తగా నూరితే వెలుగు తగ్గిపోతుంది. అందువల్ల ప్రింట్ మందంగా, కాస్త గరుకుగా ఉంటుంది, మోచేతులు మోకాళ్లు మడిచే చోట పగుళ్లు ఇస్తుంది. ఛాతీ మీద, వీపు మీద, పావడా అంచుకు వేయించుకోండి. నల్ల బట్ట మీద నేరుగా వేస్తే నలుపు వెలుగును మింగేస్తుంది, కింద తెల్ల పొర తప్పకుండా ఉండాలి. వెలిగే దారంతో ఎంబ్రాయిడరీ చేయిస్తే సన్నటి గీతలు దూరానికి ఆనవు, నిండుగా పరిచిన కుట్టే కావాలి. ఇస్త్రీ తిరగేసి చేయండి. నీళ్లు ఈ పొడికి పడవు, తడి తగిలితే స్ఫటికం నెమ్మదిగా పాడవుతుంది. దాన్ని కాపాడేది పైనున్న ప్లాస్టిక్ పూతే. ఆ పూత నలగకుండా చల్లటి నీళ్లలో, చేత్తో, తిరగేసి ఉతకండి. బ్రష్ పెట్టకండి.

కరెంటుతో వెలిగేవి వేరే లోకం. ఆప్టికల్ ఫైబర్ కలిపి నేసిన బట్ట చూడటానికి నిజంగా మాయలా ఉంటుంది. న్యూయార్క్‌లో జరిగే మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకు 2016లో నటి క్లెయిర్ డేన్స్ వేసుకున్న, డిజైనర్ జాక్ పోసెన్ చేసిన గౌను ఇలాంటిదే, లోపల 30 చిన్న బ్యాటరీ ప్యాకులు కుట్టారు. కాని ఆ పోగులు సొంతంగా వెలగవు. ఒక చివర ఎల్‌ఈడీ ఉంటుంది, పోగు పొడవునా వెలుగు కొద్దికొద్దిగా బయటికి కారేలా చేస్తారు. మామూలు బట్టలా కత్తెర వేస్తే, ఎల్‌ఈడీకి అవతల పడిన ముక్క ఇక వెలగదు. పదునుగా మడతపెట్టినా పోగు విరుగుతుంది, అక్కడ ఒక చుక్కలా వెలిగి ఆ తర్వాత చీకటే. ఈ బట్టను కుట్టాలంటే పోగులన్నీ ఏ అంచున కట్టగా చేరుతున్నాయో చూసి, దాన్నిబట్టి డ్రెస్ డిజైన్ చేయాలి. పెరిగే పిల్లకు ఒక్క ప్రోగ్రామ్ కోసం ఇంత శ్రమ దండగని నా అభిప్రాయం.

ఈఎల్ వైరు అని ఇంకొకటి ఉంది, సన్నటి నియాన్ తీగలా వెలుగుతుంది. దాని బ్యాటరీ డబ్బాలో ఉన్న చిన్న సర్క్యూట్ వోల్టేజీని వంద వోల్టుల చుట్టుపక్కలకు పెంచుతుంది, సన్నగా కీచుమంటూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువే. అయినా చెమటపట్టి గెంతే పిల్లల ఒంటికి, తీగ తెగే అవకాశం ఉన్నచోట, నేను వాడను. తక్కువ వోల్టేజీ ఎల్‌ఈడీ దండ మేలు. దేన్ని వాడినా బటన్ బ్యాటరీలు ఉంటే మాత్రం మూతకు స్క్రూ ఉన్న డబ్బానే తీసుకోండి. పిల్లలు ఆ బిళ్లను మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. ప్రోగ్రామ్ అయిపోగానే బ్యాటరీలు తీసి, చిన్నపిల్లలకు అందని చోట పెట్టేయండి.

మొత్తానికి పాప డ్రెస్‌కు నేనైతే ఇలా చేస్తాను. బ్లాక్ లైటు పెట్టగలరా అని నిర్వాహకులను ముందు అడుగుతాను. పెడతామంటే ఫ్లోరోసెంట్ బట్ట, అంతటితో సరి. కుదరదంటే మామూలు డ్రెస్ మీద ఆకుపచ్చగా వెలిగే అప్లిక్ (బట్ట పైన పెట్టి కుట్టే) ముక్కలు పెద్దపెద్దవి విడిగా కుట్టి, ఉతికేటప్పుడు విప్పేసేలా ప్రెస్ బటన్లు పెడతాను.

ఇప్పుడు దుప్పటి. వాసన బట్టల్లో ఎక్కువగా ఉండేవి మైక్రో క్యాప్సూల్స్, అంటే కంటికి కనపడనంత చిన్న బుడగలు. వీటి మూలం 1950లలో అమెరికాలోని ఎన్‌సీఆర్ అనే కంపెనీలో బారెట్ గ్రీన్ రూపొందించిన కార్బన్ లేని కాపీ కాగితం. పెన్ను ఒత్తిడికి పగిలి రంగునిచ్చే సిరా బుడగలు అందులో ఉండేవి. బట్టలో సిరాకు బదులు సువాసన నూనె ఉంటుంది, బుడగలను జిగురులాంటి పదార్థంతో పోగులకు అంటిస్తారు. మీరు పక్క మీద దొర్లినప్పుడల్లా కొన్ని పగులుతాయి, వాసన వస్తుంది. పగిలిన బుడగ ఖాళీ బుడగే, మళ్లీ నిండదు. మిషన్‌లో ఉతకడమంటే గంటపాటు దుప్పటిని రుద్దడమే కదా, దానికి వేడి నీళ్లు, డ్రయ్యర్ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. "వాసన ఎప్పటికీ పోదు" అనే మాట ఈ పద్ధతిలో కుదిరేది కాదు.

కొనేటప్పుడు నేను చేసే పరీక్ష ఒకటుంది. బట్టను ముందు ఊరికే వాసన చూస్తాను, తర్వాత బొటనవేలితో గట్టిగా రుద్ది చూస్తాను. రుద్దాక వాసన ఒక్కసారిగా పెరిగితే బుడగలు ఉన్నట్టే. ప్యాకెట్ విప్పగానే గుప్పుమని, రుద్దినా తేడా లేకపోతే సెంటు చల్లి అమ్ముతున్నారని అనుమానిస్తాను. ఇంకో సంగతి, ముక్కు ఏ వాసనకైనా కాసేపట్లోనే అలవాటుపడుతుంది. వాసన పోయిందని తేల్చేముందు బయటి నుంచి వచ్చినవాళ్లను చూడమనండి.

మళ్లీ నింపుకోగలిగే రకం కూడా ఉంది. పిండిపదార్థం నుంచి తయారుచేసే సైక్లోడెక్స్ట్రిన్ అనే అణువు ఉంగరంలా ఉంటుంది, దాని నడుమ బోలులో వాసన అణువులు కూర్చుంటాయి. చెమట తడి తగిలితే బయటికి వస్తాయి. దాన్ని నూలుకు రసాయనికంగా అతికించిన బట్టలైతే, వాసన తగ్గాక మళ్లీ స్ప్రే చేసి నింపుకోవచ్చు. మీ దుప్పటి లేబుల్ మీద ఆ పేరుగానీ, మళ్లీ నింపుకోవచ్చన్న మాటగానీ లేకపోతే అది బుడగల రకమే అయి ఉంటుంది, దానికి చేసేదేమీ లేదు.

వాసన కావాలంటే మళ్లీ అలాంటి దుప్పటే కొనక్కర్లేదు. చాలా ఫ్యాబ్రిక్ కండిషనర్లలో ఉండేవీ ఇవే బుడగలు, కాకపోతే ప్రతి ఉతుకులో కొత్తవి పడతాయి. వాటి పొర చాలావరకు ప్లాస్టిక్. అందుకే యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన మైక్రోప్లాస్టిక్ నిబంధనల కింద ఇలాంటి వాసన గుళికలకు 2029 అక్టోబరు వరకే గడువు ఇచ్చింది. పాప కూడా ఆ దుప్పట్లోనే పడుకుంటుందా? లావెండర్‌లో ఉండే లినలూల్ అనే వాసన పదార్థం గాలి తగిలి మారాక కొందరి చర్మానికి పడదు. దద్దుర్లు, దురద ఎప్పుడైనా వచ్చి ఉంటే కండిషనర్ కూడా వద్దు. ఒక చిన్న గుడ్డసంచిలో ఎండు లావెండర్ పూలు పోసి అల్మరాలో దుప్పట్ల పక్కన పెట్టండి, వాసన తగ్గినప్పుడు పూలు మారిస్తే సరిపోతుంది.