ఆడ సీతాకోకచిలుకతో మొదలుపెట్టు

విశాఖపట్నం

చిరంజీవి సునందకు,

జతకట్టాక మగ సీతాకోకచిలుక ఆడదానికి జిగురుతో మూత వేస్తుందన్న నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ "మగది వేసిన తాళంతో ఆడ సీతాకోకచిలుక కథ ముగిసింది" అన్న వాక్యం దగ్గర ఒళ్లు మండింది. ఎక్కడ ముగిసిందమ్మా?

ఆడదానికి రెండు ద్వారాలు. జతకట్టడానికి పొట్ట అడుగున ఒకటి, గుడ్లు పెట్టడానికి పొట్ట చివర ఇంకొకటి. నువ్వు తాళమన్నది మగది వదిలిన జిగురే; అది గట్టిపడి మూసేది మొదటిదాన్నే. అందుకే మూత పడ్డాక కూడా ఆమె గుడ్లు పెడుతుంది. ఇది చెప్పకుండా ఆ మూత సంగతి పాఠకుడికి ఎలా అర్థమవుతుంది?

మగదాని ఎత్తుగడలకు పేజీన్నర ఇచ్చి, ఆడదాని శరీరాన్ని "ఒక సంచి" అని తేల్చేశావు. మగది ఇచ్చే వీర్యపు పొట్లం చేరేది ఆ సంచిలోకే. చాలా జాతుల్లో దాని గోడకు సిగ్నం అనే గట్టి పళ్లుంటాయి, పొట్లాన్ని చీల్చేవి అవే. శుక్రకణాలు సన్నని నాళం గుండా వేరే అరకు చేరి, గుడ్డు దిగే వేళ దాకా అక్కడే ఉంటాయి. మూత వల్ల ఆమెకు మళ్లీ జతకట్టే వీలు చాలావరకు పోతుంది. కొన్ని జాతుల్లో మూత సరిగా అతుక్కోకుండా ఆడవాటి బయటి భాగాలు మారుతూ వచ్చాయని శాస్త్రవేత్తలు అంటారు. నీ వ్యాసంలో ఇందులో ఒక్క ముక్కా లేదు. మన సైన్సు రచనకు పట్టిన జబ్బే ఇది: చేసేవాడు మగవాడు, పడేది ఆడది.

కుర్రతనంలో నేనూ ఇదే రాశాను. ట్యూషన్లు చెప్పుకుంటూ, సైకిలు మీద లైబ్రరీకి పోయి, బొమ్మలు చేత్తో దించుకుని రాసిన వ్యాసం. ఒక వారపత్రిక సంపాదకుడు "మాది కుటుంబ పత్రిక" అని ఆడదాని శరీరం మీద రాసిన పేరాలన్నీ కొట్టేసి, రెక్కల రంగులు మాత్రం అచ్చేశాడు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇంకోటి. మంచుకొండల్లో తిరిగే అపోలో సీతాకోకచిలుకలతో నీకేం పని? మన ఊరి కంబాలకొండ అడవి వైపు పో. కంచెల మీద పాకే అడవి పాషన్ తీగ దగ్గర టానీ కోస్టర్ అనే సీతాకోకచిలుక కనిపిస్తుంది: నారింజ రెక్కలు, నల్ల చుక్కలు, తొందరలేని ఎగురుడు. జతకట్టిన ఆడదైతే పొట్ట కొస దగ్గర అడుగున మూత కంటికే ఆనుతుంది. ఆకు మీద పసుపుపచ్చ గుడ్లు గుంపుగా పెడుతుంటే దగ్గర కూచుని చూడు. పట్టుకోకు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ రెండు ద్వారాలు కాగితం మీద గీసి, వ్యాసం ఆమెతో మొదలుపెట్టి మళ్లీ రాయి. బొమ్మ కూడా నాకు పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు