పాత మిద్దెలు నిలబెట్టాలంటే ముందు మిద్దెక్కి చూడు అబ్బీ

అబ్బీ,

నీ మెసేజీ చూసినా, ఫోటోలూ చూసినా. కర్నూలు పాతూర్లో పాత ఇండ్లు కాపాడాలని మీ ఫ్రెండ్సంతా గ్రూపు పెట్టుకున్నారు, లోగో కూడా చేయించుకున్నారు, సంతోషం. కానీ అన్ని ఫోటోల్లో తలుపులే ఉండాయి నాయనా, ఒక్కరన్నా మిద్దె పైకెక్కి తీసినట్టు లేదు. ఆ తలుపు నూరేండ్లు నిలబడిందంటే పైన కప్పు సక్రమంగా ఉండబట్టే కదా.

మన సీమలో మట్టి మిద్దెలు ఊరికే కట్టలేదు. అనంతపురం దిక్కు ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, ఆ వానకు వాలు కప్పులు ఎందుకు. దూలాలు, దూలాల మీద దంతెలు అనే అడ్డకట్టెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి మన్ను, ఆ పైన చౌడు, అదే ఉప్పు తేలే మన్ను. చౌడు తడిస్తే ఉబ్బి సందులన్నీ అదే మూసుకుంటాది, అందుకే మా నాయన ఏటా వానలకు ముందే కొత్త చౌడు తోలించి పరిపించి దిమ్మిసతో కొట్టించేవాడు, పైన మొలిచిన గడ్డి ఏర్లతో సహా పీకించేవాడు. ఇప్పుడు ఆ పని చేసేటోళ్ళు లేరని పైన కాంక్రీటు పోస్తాండారు చూడు, అది చానా ప్రమాదం, అంత బరువు మోయడానికి పెట్టిన దంతెలు కావవి. ఇంకొకటి, గవాచి. పైనుంచి ఎండ పడే ఆ రంధ్రాన్ని వానొస్తే బండతో మూసి మళ్ళా తీసేవాళ్ళం, మా అవ్వ గడియారం చూసేది కాదు, ఎండ యాడికి వచ్చిందో చూసి పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇప్పుడు ఎక్కడ చూసినా దానికి రేకు కొట్టి పారేసినారు, లోపల చీకటి, తేమ, తేమకు చెదలు. మీరు ఏ ఇంట్లోకి పోయినా మొదట నీళ్ళు పోయే దోనెలు పూడినాయా, దూలం కొన గోడలో దూరే చోట కట్టె మెత్తబడిందా, గవాచి తెరిచి ఉందా, ఇవి చూసి రాసుకోండి. రంగుల సంగతి చివర్లో.

గోడకు సిమెంటు మాత్రం పూయనియ్యొద్దు. మట్టి, సున్నం పెట్టి కట్టిన రాతిగోడ కింద నుంచి తేమ పీల్చి బయటికి వదులుతా ఉంటాది, సిమెంటు పూస్తే ఆ తేమకు దారి లేక లోపలే నిలిచి ఉప్పు పట్టి, కొన్నేండ్లకు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తాది, మా వెనకింట్లో అట్లే వచ్చింది. సున్నం గారకు సున్నమే వెయ్యాల. అది నిదానంగా ఆరతాది, గోడ పని చేసే బేల్దారికి అంత ఓపిక ఉండదు, నువ్వు అట్ల టీకి పోయినావంటే గుప్పెడు సిమెంటు కలిపేస్తాడు. దగ్గర కూర్చో.

ఇదంతా చేతనయ్యే పనే. అసలు కష్టం భాగాలతో. మన ఇండ్లు వానకు పడేది తక్కువ, పంపకాలకు పడేది ఎక్కువ. నలుగురు అన్నదమ్ముల్లో ఒకడు హైదరాబాదు, ఒకడు బెంగళూరు, ఒకడు అమెరికా, ఊర్లో ఉండే వాడు నాకొక్కడికే ఎందుకు ఖర్చు అంటాడు, అంతా కలిసి తాళం వేస్తారు, తాళం పడినాక రెండు వానలకు దోనె పూడుతాది, ఇంక చెప్పేదేముంది. కాబట్టి మీరు పోయి "మీ ఇల్లు హెరిటేజ్" అని చెప్పడం కాదు, ఆ నలుగురినీ ఒక్క ఫోన్ కాల్లో కూర్చోబెట్టండి. ఇల్లు ఉమ్మడిగానే ఉంచుకుని చౌడు ఖర్చుకు తలా ఇంత వేసుకోమని, తక్కువ బాడుగైనా సరే ఒక సంసారాన్ని పెట్టమని అడగండి. ఊర్లో ఉన్న కోడలిని మర్చిపోవద్దు, ఇల్లు ఊడ్చి అలికే మనిషి ఆమె, ఏ గోడ ఎప్పుడు చెమ్మ పట్టిందో ఆమెకు తెలిసినంతగా ఇంటి యజమానికి తెలీదు.

హెరిటేజ్ అనగానే గవర్నమెంటోళ్ళు ఇల్లు తీసుకుంటారని భయపడతారు. 1960 నాటి రాష్ట్ర చట్టమైనా, 1958 నాటి కేంద్ర చట్టమైనా నోటిఫై చేసిన కట్టడాలకే, ఇల్లు పాతదైనంత మాత్రాన ఏమీ కాదు అని నిమ్మళంగా చెప్పండి. కేంద్రం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల ఇల్లుంటే కొత్తగా కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా పర్మిషన్ కావాల, రిపేరుకైనా అడగాల్సిందే.

తలుపుల కోసం తిరిగే పాత సామాన్లోళ్ళు ఉంటారు, జాగ్రత్త. చెక్కిన గడప, ద్వారబంధం అమ్ముకుంటే ఇల్లు నిలబడినా మొండిదే. నూరేండ్లు దాటిన శిల్పపు కట్టె పనులూ, 75 ఏండ్లు దాటిన విలువైన రాతప్రతులూ 1972 చట్టం కిందికి వస్తాయి, మనసొచ్చినట్టు దేశం దాటించడానికి లేదు. అటకల మీద తాళపత్రాలు కనబడితే ముందు ఫోటో తీసి పెట్టుకోండి. ఇంటి కొలతలు తియ్యడానికి కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది కదా, ఆడి పిల్లోళ్ళను అడిగి చూడండి.

ఇంక మీరు జనానికి పాత ఇండ్లు తిప్పి చూపించాలనుకున్న పండగ. ఏప్రిల్ 18 వరల్డ్ హెరిటేజ్ డే అని ఆ రోజే పెట్టుకుంటామన్నావు, కర్నూలు ఎండల్లో ముసలోళ్ళను వీధి వీధి తిప్పుతావా? నవంబరు 19 నుంచి 25 దాకా హెరిటేజ్ వీక్ ఉంది, తుఫాను వాన ఒకటి లేకుండా చూసుకుంటే చాలు. మైకు పెట్టి మంత్రిని పిలిచే పని పెట్టుకోవద్దు. ఏ ఇంటోళ్ళు ఆ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వాళ్ళే చెప్పాల. 1953 అక్టోబరు 1 నుంచి మూడేండ్లు మీ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, అప్పుడు మీ వీధిలో ఏ ఆఫీసరు బాడుగకున్నాడో, ఏ ఇంట్లో ఏం జరిగిందో చిన్నప్పుడు చూసినోళ్ళు ఇంకా ఉండారు, వాళ్ళను ఇప్పుడే రికార్డు చెయ్యండి, నవంబరు దాకా ఆగొద్దు. 2009 అక్టోబరు వరదలో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చినాయో గుర్తు ఉన్న గోడలకు సున్నం కొట్టించొద్దు, అట్లే ఉంచండి, దాని పక్కన ఆ తేదీ రాయండి. మా కడపలో చూడు, 1820లో వచ్చిన బ్రౌన్ దొర, అదే తెలుగు నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్, ఉండిన బంగళా ఇప్పుడు లేదు, రచయిత జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి లాంటోళ్ళు పట్టుబట్టి తిరగబట్టి ఆ జాగాలో లైబ్రరీ అన్నా వచ్చింది. ఇల్లు ఉన్నప్పుడే ఆ తిరుగుడు తిరగండి అని నేను అనేది.

భోజనాలు కేటరింగ్‌కు ఇయ్యొద్దు. ఒకింట్లో ఉగ్గాని బజ్జీ, ఇంకో ఇంట్లో బొరుగులు, టీ, అట్ల పంచుకుంటే జనం ఆ ఇండ్లలోకి పోతారు, వంటింటి గవాచి కూడా చూస్తారు.

సున్నం పని తెలిసిన బేల్దారి ఒకాయన ప్రొద్దుటూర్లో ఉండాడు, వయసైంది, ఒంటరిగా బస్సెక్కలేడు, కారు మాట్లాడి తీసుకుపోవాల. ముందు మిద్దెల పైభాగం ఫోటోలు పంపు, అవి చూసి ఆయనతో మాట్లాడి చెప్తా.

మీ అత్త