ఇంటి కచేరీల రికార్డింగ్: రికార్డరు మార్చాలా, చోటు మార్చాలా?

విశాఖలో బంధుమిత్రుల ఇళ్లలో జరిగే గాత్ర, వీణ కచేరీల కోసం చేతిలో ఇమిడే డిజిటల్ రికార్డరు కొన్నాననీ, అయినా పాట ఎక్కడో దూరంగానూ మృదంగం మీదపడుతున్నట్టుగానూ వినిపిస్తోందనీ రాశారు. ఇంతకన్నా ఖరీదైనది కొనాలా అని అడిగారు. అక్కర్లేదన్నది నా సమాధానం. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ ప్రాంతాల్లో తెలిసినవారి ఇళ్లలో జరిగే కచేరీలను కొన్నేళ్లుగా రికార్డు చేస్తున్నాను. జూమ్ హెచ్4ఎన్, టాస్కామ్ డీఆర్-05 వంటి వాటికి ఉండే మైకులు ఈ పనికి చాలు. మీరు చెప్పిన లోపం చాలావరకు రికార్డరును పెట్టిన చోటు వల్ల వచ్చేదే.

కచేరీ వినేటప్పుడు మన మనసు కావలసిన ధ్వనిని పట్టుకుని మిగతావాటిని పక్కకు నెడుతుంది. మైకుకు ఆ విచక్షణ లేదు కనుక, కూర్చుని వినడానికి హాయిగా ఉన్న చోటు రికార్డింగుకు పనికిరాకపోవచ్చు. గాయకుని నుంచి నేరుగా వచ్చే ధ్వని దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలకూ నేలకూ తగిలి తిరిగివచ్చే ధ్వని మాత్రం గదంతటా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. టైల్స్ నేల, అద్దాల కిటికీలు ఉన్న మన అపార్టుమెంటు హాళ్లలో రెండో వరుస దాటితే గది ప్రతిధ్వనే పాటను మింగేస్తుంది. అందుకని గాయకునికి ఒకటి, ఒకటిన్నర మీటర్ల దూరంలో, కింద కూర్చున్నవారి తలలకన్నా కాస్త ఎత్తులో, మైకులు గాయకుని ఛాతీ వైపు వంగి చూసేలా రికార్డరును నిలబెట్టండి. సాధారణంగా ఈ రికార్డర్ల అడుగున కెమెరా ట్రైపాడ్‌కు సరిపోయే మర ఉంటుంది. బల్ల మీద పెడితే బల్ల నుంచి తిరిగివచ్చే ధ్వని, దాని అదురు రెండూ రికార్డవుతాయి. కళాకారుల ముందు నేల మీద మందపాటి జంపఖానా పరిపించడం కూడా మేలు.

ఇక మృదంగం సంగతి. సంప్రదాయం ప్రకారం మృదంగ విద్వాంసులు గాయకునికి కుడివైపున కూర్చుంటారు. కరణ (నల్లటి పూత) ఉన్న కుడిముఖం శ్రోతల వైపు తిరిగి ఉంటుంది. ఆ వైపు పలికే పదునైన దెబ్బలన్నీ ఎదురుగా ఉన్న మైకుకు సూటిగా తగులుతాయి. రికార్డరును నడిమధ్యన కాక, రెండు మూడు అడుగులు వయొలిన్ వైపు జరిపి, ముఖం మాత్రం గాయకుని వైపే తిప్పి పెడితే ఈ తాకిడి గణనీయంగా తగ్గుతుంది. వీణ కచేరీలో ఇది మరింత అవసరం, ఎందుకంటే పికప్ (వాద్యానికి అమర్చే మైకు) లేకుండా మోగే వీణ ధ్వని మృదంగం ముందు చాలా చిన్నది. అప్పుడు వీణ కుండకు మీటరులోపు దూరానికి వెళ్లడానికి కూడా నేను సంకోచించను. మరీ దగ్గరైతే మీటు వెనుక గోటి శబ్దం, మెట్ల మీద వేళ్ల రాపిడి అవసరానికి మించి వినిపిస్తాయి. ఆరాధనోత్సవాల గోష్ఠిగానానికి ఈ లెక్క వర్తించదు. అక్కడ ఒక్క గొంతుకు దగ్గరైతే గోష్ఠి పోతుంది కనుక వెనక్కి జరిగి, ఎత్తు పెంచాలి.

లెవెల్ విషయంలో ఆటో సెట్టింగును తప్పకుండా ఆపేయండి. అది ఆలాపన మధ్య విరామాల్లో శ్రుతిపెట్టె హోరును పైకి లాగుతుంది, మృదంగం మోగగానే గొంతును కిందికి తొక్కుతుంది. ముందుగా వాయించి చూపమని అడిగినా, తనియావర్తనంలో (మృదంగం ఒంటరిగా మోగే ఘట్టంలో) వాయించేంత బలంగా ఏ విద్వాంసులూ వాయించరు. అందువల్ల మొదటి కీర్తనలో లెవెల్ మీటరు శిఖరాలు మైనస్ 18 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండేలా గెయిన్ (మైకు ధ్వనిని పెంచే మోతాదు) పెట్టి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోను. 24 బిట్‌లో రికార్డు చేస్తే ఇంత తక్కువ లెవెల్ వల్ల నష్టమేమీ లేదు, తర్వాత పెంచుకోవచ్చు. కానీ లెవెల్ మించి పగిలిన ధ్వనిని అతికించడం అసాధ్యానికి దగ్గర. ఇప్పుడు వస్తున్న 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు ఈ లెవెల్ బెంగను చాలావరకు తీరుస్తాయి గానీ, దూరంగా పెట్టిన మైకును అవి కూడా దగ్గరకు తేలేవు. లో కట్ మీట కూడా ఆపే ఉంచండి. లేకపోతే తొప్పి (మృదంగం ఎడమముఖం) మీద పలికే మంద్రధ్వని పలచబడుతుంది.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ ఫైలు గంటకు సుమారు ఒక గిగాబైటు అవుతుంది. కొన్ని రికార్డర్లు 2 గిగాబైట్లు దాటగానే కొత్త ఫైలు మొదలుపెడతాయి. కచేరీ రెండు ముక్కలుగా కనిపిస్తే కంగారుపడకండి, వరుసగా కలిపితే సరిపోతుంది.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు సముద్రపు గాలి. కిటికీలోంచి వచ్చే చిన్న గాలి తెర కూడా మైకు మీద డబడబమని మోగుతుంది. రికార్డరుతో వచ్చే స్పాంజి తొడుగు కొంతవరకే ఆపుతుంది. ఆరుబయటి మండపాల్లో బొచ్చు తొడుగు తప్పదు. ఇంట్లోనైతే సముద్రం వైపు కిటికీ మూయించడం అన్నిటికన్నా చవక. మే నెలలో విద్వాంసుల నెత్తిమీది ఫ్యాను ఆపమని అడిగే ధైర్యం నాకు లేదు కాబట్టి, రికార్డరు దాని గాలి దారిలో పడకుండా మాత్రమే చూసుకుంటాను. రికార్డరు పక్కన సెల్‌ఫోను ఉంచకండి.

కళాభారతి వంటి ఆడిటోరియంలో మిక్సర్ నుంచి లైన్ తీసుకోవచ్చా అని కూడా అడిగారు. నిర్వాహకులూ కళాకారులూ ఒప్పుకుంటే తీసుకోవచ్చు, రికార్డరులో లైన్ ఇన్‌పుట్‌నే వాడాలి. అయితే మిక్సర్‌లో వినిపించేది స్పీకర్లకు పంపుతున్న పాళ్లే తప్ప సభలో వినబడే పాళ్లు కావు. వేదిక మీద సహజంగానే గట్టిగా మోగే వాద్యం అందులో తక్కువగా ఉంటుంది, సభాధ్వని దాదాపుగా ఉండదు. నాలుగు ట్రాకుల రికార్డరు ఉంటే లైన్‌ను, రికార్డరు సొంత మైకులను వేర్వేరు ట్రాకుల్లో తీసుకుని తర్వాత కలపండి. వేదికకు పది మీటర్ల దూరంలో ఉన్న మైకుకు ధ్వని చేరడానికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, కలిపే ముందు లైన్ ట్రాకును అంతమేరకు ఆలస్యంగా వినిపించేలా జరపాలి. లేకపోతే ప్రతి మృదంగపు దెబ్బా జంటగా వినిపిస్తుంది.